8 మి.మీ. సైలో గోడలో 8 మి.మీ. సొట్ట: బక్లింగ్ బలం నిజంగా ఎంత తగ్గుతుంది?

ప్రశ్న (స్ట్రక్చరల్ డిజైనర్, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. సిమెంటు నిల్వ చేసే ఒక ఉక్కు సైలో డిజైనును పరిశీలించే పని నాకు అప్పగించారు. దాని వ్యాసం 10 మీటర్లు, స్తూపాకార గోడ ఎత్తు 20 మీటర్లు, అడుగు కోర్సులో (అన్నిటికన్నా కింది ప్లేట్ల వరసలో) ప్లేటు మందం 8 మి.మీ., ఉక్కు ఐఎస్ 2062 ప్రకారం ఈ250 రకం. సైలో నిండుగా ఉన్నప్పుడు సిమెంటు గోడను రాసుకుంటూ కిందికి లాగుతుంది కాబట్టి అడుగు కోర్సులో నిలువు దిశలో సంపీడన ప్రతిబలం వస్తుంది. లోడ్ ఫ్యాక్టర్లు కలిపాక అది సుమారు 35 మెగాపాస్కళ్లుగా తేలింది.

పాఠ్యపుస్తకంలోని సూత్రం ప్రకారం యంగ్స్ మాడ్యులస్‌ను (ఉక్కు గట్టిదనపు కొలతను) 0.605తో గుణించి, వ్యాసార్థానికీ మందానికీ ఉన్న నిష్పత్తితో, అంటే 625తో, భాగిస్తే బక్లింగ్ ప్రతిబలం (నొక్కుడుకు గోడ ఒక్కసారిగా మడతపడి కూలే ప్రతిబలం) 203 మెగాపాస్కళ్లు వస్తుంది. 203 ఎక్కడ, 35 ఎక్కడ! ఈ లెక్కన గోడకు ఆరు రెట్ల బలం ఉన్నట్టే. అయితే యూరప్ నిర్మాణ ప్రమాణమైన యూరోకోడ్‌లో షెల్ (పలుచని వంపు గోడల) నిర్మాణాలకు సంబంధించిన ఈఎన్ 1993-1-6 భాగం తెరిస్తే, ఫ్యాబ్రికేషన్ నాణ్యతను బట్టి ఆ 203లో మూడో వంతు, అయిదో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ మాత్రమే వాడుకోనిస్తోంది. ఈ పని చేస్తున్న ఫ్యాబ్రికేటర్లు ఇంతకాలం చమురు ట్యాంకులు కట్టినవారు. ట్యాంకులకు పాటించే టోలరెన్సులే (ఆకారంలో ఒప్పుకునే తేడాల పరిమితులే) దీనికీ పాటిస్తామని, అవి చాలా కచ్చితమైనవేనని అంటున్నారు.

స్తంభాల విషయంలో పొడవులో వెయ్యో వంతు వంకర ఉన్నా బలం కొద్దిగానే తగ్గుతుందని మనందరికీ తెలుసు. షెల్ దగ్గరికి వచ్చేసరికి కొద్ది మిల్లీమీటర్ల సొట్టకు ఇంత శిక్ష ఎందుకు? నా సైలోకు ఎన్ని మిల్లీమీటర్ల వరకు ఒప్పుకోవచ్చు? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

సమాధానం (విశ్రాంత ఇంజనీరింగ్ అధ్యాపకుడు, వరంగల్)

మీ 203 సరైన లెక్కే. కాకపోతే అది ఏ లోపమూ లేని షెల్‌కు చెందిన లెక్క. లోరెంజ్ 1908లో, తిమొషెంకో 1910లో, సౌత్‌వెల్ 1914లో ఈ ఫలితానికి చేరుకున్నారు. ఆ తరువాత 1930లలో విమాన నిర్మాణం కోసం పలుచని లోహపు స్తూపాలను ప్రయోగశాలల్లో నొక్కి చూడగా, సూత్రం చెప్పిన భారంలో సగం కూడా మోయకుండానే అవి కూలిపోవడం మామూలైపోయింది. వ్యాసార్థం, మందం నిష్పత్తి పెరిగేకొద్దీ తేడా ఇంకా పెరిగింది. పైగా ఒకే కొలతలతో చేసిన రెండు నమూనాలు ఒకే భారం దగ్గర పడిపోలేదు. సిద్ధాంతం తప్పయితే ఫలితాలన్నీ ఒకే తీరుగా తప్పాలి. ఇలా చెదిరిపోయాయంటే నమూనాకూ నమూనాకూ మారే అంశమేదో బలాన్ని శాసిస్తోందన్న మాట. ఆ అంశంలో పెద్ద వాటా ఆకార లోపాలదే. ఆనికల తీరు, భారం సమంగా పడకపోవడం కూడా కొంత కారణమే గాని, ఈ లోటు మొత్తాన్ని అవి వివరించలేవు.

స్తంభంతో పోలిక ఇక్కడ ఎందుకు పనికిరాదో చూద్దాం. స్తంభం సందిగ్ధ భారం (బక్లింగ్ మొదలయ్యే భారం) దగ్గర పక్కకు వంగాక కూడా దాదాపు అంతే భారాన్ని మోస్తూ ఉంటుంది. నాలుగు అంచులా పట్టి ఉంచిన చదును ప్లేటు బక్లింగ్ తరువాత ఇంకా ఎక్కువ భారాన్నే తీసుకుంటుంది. షెల్ మాత్రం బక్లింగ్ మొదలైన క్షణం నుంచి తాను మోస్తున్నదాంట్లో చాలా భాగాన్ని ఒక్కసారిగా వదిలేస్తుంది. పలుచని రేకు తన తలంలో సాగడానికి చాలా గట్టిగా ఎదురు నిలుస్తుంది, వంగడానికి తేలిగ్గా లొంగుతుంది. గోడకు వంపు ఉన్నంతకాలం, లోపలికి గాని బయటికి గాని కదలాలంటే రేకు సాగక తప్పదు కాబట్టి ఆ సాగుదల నిరోధమే షెల్‌కు బలం. కానీ సొట్టలు మందానికి కొన్ని రెట్ల లోతుకు చేరేసరికి, ఉపరితలం వజ్రాకారపు చదును ముఖాలుగా మడతపడి, పెద్దగా సాగకుండానే కుంగిపోయే దారి కనిపెడుతుంది. అప్పుడు మిగిలేది వంపు నిరోధం ఒక్కటే. ముందే సొట్ట ఉన్న గోడ ఆ దారిలో కొంత దూరం నడిచి ఉన్నట్టే లెక్క. ఫాన్ కార్మన్, షియెన్ 1941లో ఈ పతనాన్ని పెద్ద స్థానభ్రంశాల సిద్ధాంతంతో చూపించారు.

దీన్ని లోపాలతో సూటిగా ముడిపెట్టినది కోయిటర్. 1945లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో డచ్చి భాషలో సమర్పించిన ఆయన సిద్ధాంత గ్రంథాన్ని 1967లో నాసా ఇంగ్లీషులోకి అనువదించి వెలువరించింది. నిలువుగా నొక్కిన స్తూపంలో ఒకటి కాదు, అనేక బక్లింగ్ రూపాలు ఒకే భారం దగ్గర పొంచి ఉంటాయనీ, ఒక రూపపు లోపం మిగిలినవాటినీ కదిలిస్తుందనీ ఆయన విశ్లేషణ తేల్చింది. గోడ పొడవునా సరిగ్గా బక్లింగ్ రూపంలోనే వలయాకారపు అలలు ఉన్నాయనుకుని, ఆయన సూత్రంతో మీ సైలోకు లెక్క వేశాను. అలల ఎత్తు మందంలో పదో వంతు, అంటే 0.8 మి.మీ. అయితేనే 203 కాస్తా 124కు పడిపోతుంది. 4 మి.మీ. అయితే 70, 8 మి.మీ. అయితే 48. పలుచని కాగితాల కట్ట మందమంత లోపానికే దాదాపు 40 శాతం బలం పోయింది చూడండి. మొదటి మిల్లీమీటరే అన్నిటికన్నా ఖరీదైనది. తరువాతి మిల్లీమీటర్లు ఒక్కొక్కటీ తక్కువ తీసుకుంటాయి గాని, అప్పటికి మిగిలిన బలమే కొద్దిది కాబట్టి వాటినీ తేలిగ్గా చూడకూడదు.

ఇది చేదుగా ఉండే లెక్కే, ఎందుకంటే నిజమైన గోడలో లోపం ఇంత క్రమంగా పొడవునా ఉండదు. అయినా యూరోకోడ్ అంకెలు దీనికి దూరంగా లేవు. ఆ కోడ్‌లో ఏ, బీ, సీ అని మూడు నాణ్యతా తరగతులు ఉన్నాయి, వాటికి నాణ్యతా గుణకాలు వరుసగా 40, 25, 16. వ్యాసార్థం, మందం నిష్పత్తికి వర్గమూలం తీసి ఆ గుణకంతో భాగిస్తే, లోపం మందానికి ఎన్ని రెట్లో వస్తుంది. మీ సైలోలో వర్గమూలం 25 కాబట్టి బీ తరగతికి లోపం సరిగ్గా ఒక మందం. తగ్గింపు గుణకాలు ఏ తరగతికి 0.315, బీకి 0.213, సీకి 0.134 వస్తాయి. ప్రతిబలాలుగా చెప్పాలంటే 64, 43, 27 మెగాపాస్కళ్లు. నాసా 1960లలో వెలువరించిన ఎస్పీ-8007 పత్రంలోని సూత్రంతో వేసినా గుణకం 0.29 దగ్గరే వస్తుంది. భద్రతా గుణకం 1.1తో భాగించి చూడండి: బీ తరగతిలో మీకు 39 దొరుకుతుంది, సీ తరగతిలో 25 కూడా దొరకదు. మీ అవసరం 35. కాబట్టి ఈ సైలో నిలబడేదీ లేనిదీ తేల్చేది ఉక్కు రకం కాదు, ప్లేట్లను ఎంత శ్రద్ధగా చుట్టి అతికారన్నదే.

సమాధానం (ఫ్యాబ్రికేషన్ ఇన్‌స్పెక్టర్, దమ్మామ్)

మాస్టారు చెప్పిన అంకెలను సైటులో టేపు, స్కేలు పట్టుకునేవారి మాటల్లోకి తెస్తాను.

నిలువు సంపీడనం ఉన్న గోడకు యూరోకోడ్ చెప్పే కొలత పొడవు, వ్యాసార్థాన్ని మందంతో గుణించిన దాని వర్గమూలానికి నాలుగు రెట్లు. మీ సైలోకు అది సరిగ్గా 800 మి.మీ. ఆ పొడవున్న నిటారు స్కేలును గోడకు నిలువుగా ఆనించి, మధ్యలో మిగిలే సందును కొలవాలి. అదే పొడవుతో, 5 మీటర్ల వ్యాసార్థానికి కోసిన టెంప్లేటును గోడ చుట్టూ అడ్డంగా ఆనించి కూడా కొలవాలి. సందు ఏ తరగతికి 4.8 మి.మీ., బీకి 8 మి.మీ., సీకి 12.8 మి.మీ. దాటకూడదు. వెల్డింగ్ అతుకుల మీదుగా మాత్రం మందానికి 25 రెట్లు, అంటే 200 మి.మీ. పొట్టి స్కేలుతో మరోసారి చూడాలి; అక్కడ బీ తరగతికి పరిమితి 2 మి.మీ. పైకోర్సు, కిందికోర్సు ప్లేట్ల మధ్యరేఖలు ఒకదానితో ఒకటి తప్పిపోవడం బీ తరగతిలో మందంలో అయిదో వంతు, అంటే 1.6 మి.మీ. మించకూడదు.

ఇక మీ ఫ్యాబ్రికేటర్ల మాట. చమురు ట్యాంకులకు వాడే ఏపీఐ 650 ప్రమాణంలో నిలువు అతుకుల దగ్గర కూసుదేరడానికీ (మొనలా పొడుచుకురావడానికీ), చుట్టు అతుకుల దగ్గర నొక్కుకుపోవడానికీ చాలాకాలంగా ఉన్న పరిమితి 900 మి.మీ. స్కేలు మీద 13 మి.మీ. మీ సైలోకు సీ తరగతి పరిమితి 800 మీద 12.8 అని పైన చెప్పాను కదా, రెండూ దాదాపు ఒకటే. ట్యాంకులకు అది చాలు, ఎందుకంటే నిండిన ట్యాంకు గోడ ప్రధానంగా చుట్టూ తన్యతలో ఉంటుంది, నిలువు భారం చాలా స్వల్పం. సైలో గోడ సంగతి అలా కాదు, నిల్వ చేసిన సరుకు బరువులో పెద్ద వాటా రాపిడి ద్వారా గోడ మీదికే వస్తుంది. వారు మంచి పనివారే కావచ్చు గాని, ట్యాంకు టోలరెన్సుతో కట్టిన గోడ మీకు 25 మెగాపాస్కళ్లకే పనికొస్తుంది.

సైటుల్లో తరచుగా జరిగే మరో పొరపాటు కూడా చెప్పాలి. టేపుతో వ్యాసాలు కొలిచి, గుండ్రదనం సరిగ్గా ఉంది కాబట్టి గోడ బాగుందని రిపోర్టు రాసేస్తారు. ఈ వ్యాసానికి బీ తరగతిలో గరిష్ఠ, కనిష్ఠ వ్యాసాల తేడా 100 మి.మీ. వరకు ఉండవచ్చు. అంత తేడాను ఒప్పుకునే కోడే 800 మి.మీ. పొడవులో 8 మి.మీ. సొట్టను మించనివ్వదు. గోడ మొత్తం కొద్దిగా కోడిగుడ్డు ఆకారంలోకి సాగితే నిలువు బక్లింగ్‌కు అంత ప్రమాదం లేదు. పొట్టి అలలే ప్రమాదం. ఈ రెండు కొలతలనూ వేర్వేరు ఫారాల్లో నమోదు చేయించండి.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ట్యాంకు టోలరెన్సు, సీ తరగతి ఒకటే అవుతాయన్న సంగతి నాకు తట్టలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. సాఫ్ట్‌వేర్‌లో మొదటి ఐగెన్‌మోడ్ (అన్నిటికన్నా తక్కువ భారం దగ్గర వచ్చే బక్లింగ్ రూపం) ఆకారాన్ని 8 మి.మీ. ఎత్తుతో లోపంగా పెట్టి, జ్యామితీయ, పదార్థ అరేఖీయత (పెద్ద వంపులు, ఉక్కు ప్లాస్టిక్‌గా లొంగడం) రెండూ కలిపి విశ్లేషిస్తే 60 మెగాపాస్కళ్ల దాకా వచ్చింది. చేతి లెక్కలో బీ తరగతికి 43 మాత్రమే వచ్చింది కాబట్టి దేన్ని నమ్మాలో తోచడం లేదు. అలాగే, సిమెంటు గోడను లోపలి నుంచి నెడుతూ ఉంటుంది కదా, ఆ పీడనం సొట్టలను సరిచేసి బక్లింగ్‌ను ఆపుతుందని విన్నాను. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా?

సమాధానం (ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషకురాలు, హైదరాబాద్)

ముందు లోపం ఎత్తు సంగతి చూద్దాం. స్కేలుతో కొలిచే 8 మి.మీ. వేరు, కంప్యూటర్ నమూనాలో పెట్టవలసిన సమాన లోపం వేరు. మోడల్‌లో ఉండే ఒక్క లోపం, గోడలోని సొట్టతోపాటు వెల్డింగ్ మిగిల్చిన అంతర్గత ప్రతిబలాలు, ఆనిక ఎగుడుదిగుళ్ల వంటి మనం మోడల్ చేయనివాటన్నిటికీ బదులుగా నిలవాలి. అందుకే కోడ్ మీరు చేసినటువంటి జీఎమ్‌ఎన్‌ఐఏ (లోపాలనూ రెండు అరేఖీయతలనూ కలిపిన) విశ్లేషణకు బీ తరగతిలో కొలత పొడవును 0.016తో గుణించమంటుంది. మీ సైలోకు అది 12.8 మి.మీ. మీరు పెట్టినది అందులో మూడింట రెండు వంతులు కూడా కాదు. పైగా ఎత్తును పది శాతం తగ్గించి మరోసారి నడపాలి. ఆశ్చర్యంగా అనిపించినా, కొన్ని ఆకారాలలో పెద్ద లోపం షెల్‌కు మడతలా పనిచేసి బలాన్ని పెంచుతుంది కాబట్టి ఆ తనిఖీ తప్పనిసరి.

ఎత్తు కన్నా ఆకారం మీద నాకు ఎక్కువ పట్టింపు ఉంది. మొదటి ఐగెన్‌మోడ్ అన్నివేళలా అతి చెడ్డ లోపం కాదు. మాస్టారు చెప్పినట్టు స్తూపంలో బక్లింగ్ రూపాలు గుంపుగా ఉంటాయి, మొదటి ఇరవై విలువలు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని కనిపిస్తాయి, వాటిలో ఏది మొదటిదిగా వస్తుందన్నది మెష్‌ను (గోడను చిన్న ఎలిమెంట్లుగా విభజించిన తీరును) బట్టి కూడా మారిపోవచ్చు. ప్లేట్లను అతికి కట్టిన సైలోల్లో నిజంగా కనిపించే లోపం వేరే: చుట్టు అతుకు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి గోడను వలయంగా లోపలికి లాగుతుంది. రాటర్, టెంగ్ 1989లో ఈ వెల్డింగ్ నొక్కు ఆకారాన్ని గణితంగా నిర్వచించి, బలాన్ని అది ఎంత తీవ్రంగా తగ్గిస్తుందో చూపించారు. ఆ నొక్కు చుట్టూతా ఒకే ఎత్తున ఉంటుంది కాబట్టి భారం దాన్ని తప్పించుకుని పక్కకు పోవడానికి దారి ఉండదు. మీ గోడకు ఆ నొక్కు సగం అల పొడవు సుమారు 490 మి.మీ. ఉంటుంది. అడుగు కోర్సుకూ దాని పై కోర్సుకూ మధ్య ఉన్న అతుకు దగ్గర ఈ ఆకారాన్ని పెట్టి నడపండి. ఎలిమెంటు పరిమాణం 50 మి.మీ. మించనివ్వకండి, ఎందుకంటే బక్లింగ్ సగం అల పొడవే సుమారు 345 మి.మీ. ఇలా చేశాక మీ 60 చేతి లెక్కకు దగ్గరగా దిగివస్తుందని నా అంచనా. దిగిరాకపోతే ఆనికలను ఎంత గట్టిగా బిగించారో చూసుకోండి.

లోపలి పీడనం విషయంలో మీరు విన్నది నిజమే. గోడను చుట్టూ సాగదీసే పీడనం సొట్టలను లోపలి నుంచి వత్తుతుంది. ఉదాహరణకు అడుగున 20 కిలోపాస్కళ్ల పీడనం ఖాయంగా ఉంటుందనుకుంటే, యూరోకోడ్ సూత్రం బీ తరగతి గుణకాన్ని 0.213 నుంచి 0.28కి పెంచుతుంది, 43 కాస్తా 57 అవుతుంది. కానీ అదే కోడ్, ఆ చోట ఆ భారంతోపాటు కచ్చితంగా ఉండే కనిష్ఠ పీడనాన్నే తీసుకోమంటుంది. సిమెంటును ఒక పక్కనున్న ద్వారం నుంచి ఖాళీ చేసేటప్పుడు ఆ పక్క గోడ మీద పీడనం పడిపోతుంది, గోడలో కొన్ని చోట్ల నిలువు ప్రతిబలం పెరుగుతుంది. ఉక్కు సైలోలు బక్లింగ్‌తో కూలిన సందర్భాల్లో ఇలాంటి అసమ నిర్గమనం ఒక ముఖ్య కారణం. మీ సైలోకు పక్క ద్వారం ఉంటే ఆ 57ను మరచిపోండి. పీడనం మరీ ఎక్కువైనా మేలు కాదు. అడుగు ఆనికకు ఆనుకుని గోడ ప్లాస్టిక్‌గా బయటికి ఉబ్బిపోతుంది. 1964 అలాస్కా భూకంపంలో ట్యాంకుల అడుగున కనిపించిన ఏనుగుపాదం ఉబ్బు ఇదే. దీనికి విడిగా తనిఖీ ఉంది, చేయండి.

ఖాళీ సైలోకు గాలి పోటు, లోపలి వాక్యూమ్ కూడా చూడాలి గాని, అక్కడ లోపాల బెడద ఇంత తీవ్రం కాదు. బయటి పీడనానికి అదే కోడ్ ఇచ్చే తగ్గింపు గుణకాలు మూడు తరగతులకూ వరుసగా 0.75, 0.65, 0.50 మాత్రమే.

2017లో కొందరు పరిశోధకులు ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలను నిలువుగా నొక్కి ఉంచి, పక్క నుంచి చిన్న సాధనంతో పొడుస్తూ, ఏ భారం దగ్గర ఎంత పోటుకు కూలుతాయో పటం గీశారు. సొట్ట కొలత తెలియని షెల్‌కు కూడా మిగిలిన బలాన్ని, పాడు చేయకుండానే అంచనా వేసే మార్గం ఇందులో ఉందని నా నమ్మకం. కట్టేసిన సైలోలకు అది అందుబాటులోకి రావాలని ఎంతగానో కోరుకుంటున్నాను.

సమాధానం (ఫ్యాబ్రికేషన్ ఇన్‌స్పెక్టర్, దమ్మామ్)

విశ్లేషకురాలు గారు చెప్పిన చుట్టు అతుకు నొక్కు గురించి ఒక్కమాట. కట్టాక దాన్ని సరిచేయడం కన్నా రానివ్వకపోవడమే సులువు. ప్లేటును రోలింగ్‌కు పెట్టే ముందు రెండు చివర్లనూ టెంప్లేటుకు సరిపోయేలా వంచకపోతే, చివర్లు చదునుగా మిగిలిపోయి నిలువు అతుకు దగ్గర కూసు తేలుతుంది. చుట్టు అతుకును ఒకే చోట మొదలుపెట్టి చుట్టేయకుండా, వెల్డర్లను ఎదురెదురుగా నిలబెట్టి, ఒకే దిశలో, చిన్న చిన్న భాగాలుగా వేయిస్తే కుంచింపు సమంగా పడుతుంది. మందానికి సరిపడేంత వెల్డే వేయించండి. పైన కుప్పపోసిన ప్రతి పాసూ (వెల్డు పొరా) గోడను మరికొంత లోపలికి లాగుతుంది.

పరిమితి దాటిన సొట్టను సుత్తితో కొట్టో, గ్యాస్ మంటతో కాల్చి నీళ్లు చల్లో లాగేద్దామని సైటులో తప్పకుండా అంటారు. స్కేలుకు సరిపోయేలా లాగినా, లోపల కొత్త ప్రతిబలాలు మిగిలిపోతాయి, పక్కనే మరో పొట్టి అల లేస్తుంది. అడుగు రెండు కోర్సుల్లో అయితే ఆ అతుకును కోసి, ఫిటప్ (ప్లేట్ల అమరిక) సరిచేసి, మళ్లీ వెల్డ్ చేయమనే నేను రాస్తాను. అందుకు ఒప్పుకోకపోతే, కొలిచిన సొట్టలను వాటి చోట్లతో సహా డిజైనరుకు పంపించి, ఆ ఆకారంతోనే విశ్లేషణ మళ్లీ చేయించడం ఒక్కటే న్యాయమైన మార్గం. ఇప్పుడే టెండరు పత్రంలో బీ తరగతి అని, 800 మి.మీ. మీద 8 మి.మీ. అని, అతుకుల మీద 200కు 2 మి.మీ. అని అంకెలతో రాయించండి. పైకోర్సు ఎక్కించే ముందే కిందికోర్సు కొలతల మీద సంతకం పడాలని కూడా చేర్చండి, ఎందుకంటే 20 మీటర్ల గోడ లేచాక అడుగు కోర్సును కోయడానికి ఎవరూ ముందుకు రారు.